రెండు డబ్బాల గుండీలు

ఇలా దగ్గరికి జరగండి, చెబుతాను. దర్జీ కొట్టులో తోడికోడళ్లిద్దరూ పాత గుండీలను రెండు డబ్బాల్లోకి ఏరుతున్నారు. తప్పు డబ్బాలో వేస్తే, పోయిన అత్తగారి కుట్టుమిషను చక్రం తనంతట తానే గిర్రున తిరిగేది.

“నిన్న రంగు చూసి వేస్తే ఊరుకుంది కదక్కా?”

“మొన్న సైజు. ఇవాళ రెండూ కాదే.”

“చచ్చినా చాదస్తం పోలేదు ఈవిడకి!”

“నవ్వకు. ఎడమ డబ్బా చూడు. మామయ్యవి, టీచరమ్మవి, అత్తయ్యవి. అన్నీ పోయినవాళ్లవే.”

చిన్నకోడలి చెయ్యి ఆగిపోయింది.

“అక్కా, ఇందాక నీలం గుండీ అందులోనే వేశాను. మిషను కదల్లేదు.”

“ఎవరిదే?”

“మీ మరిదిది. పొద్దున చొక్కాకి ఊడితే తెచ్చాను.”

“తీసి కుడి డబ్బాలో వెయ్యి!”

వేసింది. చక్రం గిర్రున తిరిగింది. చిన్నకోడలు ఆ గుండీని మళ్లీ తీసి, పిడికిట్లో పట్టుకుని ఇంటికి పరిగెత్తింది. వాకిలి నిండా అప్పటికే ఊరివాళ్ల చెప్పులున్నాయి.

గుర్తుంచుకోండి, మీ పిల్లలకూ చెప్పండి: ఊడిన గుండీని ఇంట్లోనే, అప్పటికప్పుడే కుట్టెయ్యాలి.