అవతలి లంక పేర్లు

పెద్ద వరద ఇళ్ళలోకి వచ్చిన ఏడు. సాయం అందాల్సినవాళ్ళ జాబితా సరిచేస్తున్న మనవరాలు, పడవ నడిపే తాత దగ్గరికి వచ్చింది.

"తాతయ్యా, అవతలి లంక పేర్లన్నీ పోయేయండీ."

"ఎలాగే?"

"మనోళ్ళవి ముందు చూడమన్నారు కదండీ. డేటాబేసులోంచి మనవే ల్యాప్‌టాప్‌లోకి దింపేను. సరిచేసి తిరిగి ఎక్కిస్తే, పాత జాబితా చెరిగిపోయి మనవే మిగిలేయి."

"ఇంకో కాపీ ఉంచలేదా?"

"లేదండీ. రేపు సాయంత్రంలోగా పేరు లేకపోతే వాళ్ళకి సాయం రాదు. తప్పు నాదేనని చెప్పేస్తాను."

"నీదేంటే? మనోళ్ళు ముందన్న నోరు నాది. వరదలో నా పడవ కొట్టుకుపోతుంటే తాడేసి ఆపింది వాళ్ళే."

ఆయన తలెత్తలేకపోయాడు.

"ఓ నోటుబుక్కు ఇయ్యమ్మా."

మర్నాడు పొద్దున్నే అవతలి లంకకు పడవ వేసుకెళ్ళి, ప్రతి గుమ్మంలోనూ ముందు తన తప్పు చెప్పి, ఆ తరువాతే పేరడిగి రాసుకున్నాడు.