ఎక్స్ అంటే నానమ్మ వయసు

ఇలా దగ్గరికి జరగండి, గట్టిగా చెప్పే మాట కాదిది. ఒక మనవరాలు లెక్కల పుస్తకం పట్టుకుని నానమ్మ పక్కన చతికిలబడింది.

“నానమ్మా, నీ వయసు ఎక్స్ అనుకుందాం.”

“నా వయసుతో నీకేం పనే?”

“బీజగణితం! నాన్న పుట్టినప్పుడు నీకెన్నేళ్ళు?”

“ఇరవై రెండు.”

“నాన్నకిప్పుడు నలభై అయిదు. అంటే ఎక్స్ అరవై ఏడు. అమ్మో, తాతకి అరవై అయిదే! నువ్వే పెద్దదానివి!”

నానమ్మ గబుక్కున వంటింటి వైపు చూసింది.

“నెమ్మదే తల్లీ! ‘చిన్నపిల్లవి, నువ్వు కూర్చో’ అంటూ పెళ్ళయినప్పటి నుంచీ పొద్దున్నే టీ ఆయనే పెడుతున్నాడు.”

“మరి జవాబు?”

“ఎక్స్ అంటే తెలియని సంఖ్యేగా? తెలియకుండానే ఉండనీ. అదిగో, కప్పుల చప్పుడు. చెరిపెయ్, చెరిపెయ్!”

ఇది గుర్తుంచుకుని పదిమందికీ చెప్పండి. ఆ తాతగారి చెవిన మాత్రం వెయ్యకండి.