పెర్నీకి కొన్న గాజు ఇల్లు

నా పేరు బోదిల్ క్రాగెలుండ్. వయసు అరవై ఒకటి. కిటికీ తెరలు కుట్టే పని. ఆర్హూస్‌లో రైలు స్టేషను వెనక వీధిలో, కింది వాటాలో ఒంటరిగా ఉంటాను. ఒంటరిగా అంటే నేనూ, నా పాము పెర్నీ. నారింజ రంగుది, విషం లేనిది. ఆ మాట వాంగ్మూలంలో ముందే రాసుకోండి సార్, విషం లేనిది.

పోయిన వారం దానికి కొత్త ఇల్లు కొన్నాను. పాములమ్మే ఓవె మొత్తుకుంటూనే ఉన్నాడు. "అది ఇంకా పిల్ల, బోదిల్. మూత బిగిసే చిన్న పెట్టె చాలు. ఇరుగ్గా, చీకటిగా ఉంటేనే దానికి ధైర్యం."

"చాల్లే! నిన్ను చెప్పుల డబ్బాలో పడుకోమంటే పడుకుంటావా?" అన్నాను.

బీరువా అంత గాజు ఇల్లు తెచ్చి ముందుగదిలో పెట్టాను. పక్కకు జరిపే తలుపులు. వాటికిచ్చిన తాళం వికారంగా ఉందని సొరుగులో పడేశాను.

నిన్న మధ్యాహ్నం రెండింటికి పై వాటా సీనె, తన ఏడు నెలల కొడుకు విల్లాస్‌ని ఇక్కడి తల్లులందరిలాగే, ఎప్పటిలాగే పెరట్లో పిల్లల బండిలో పడుకోబెట్టింది. "లేస్తే ఒక కేకెయ్యి, గిన్నెలు కడుక్కొస్తా" అంది. సరేనన్నాను. బండి నా కిటికీ కిందే ఉంది. గాలి కోసం కిటికీ తీసే ఉంది. కాసేపటికి చలి పెరిగితే, దుప్పటి సర్దుదామని వెళ్లాను.

దుప్పటి ఎత్తాను. పెర్నీ ఉంది. పిల్లాడి పొట్ట పక్కన చుట్ట చుట్టుకుని ఉంది. దాని తోక వాడి గుప్పిట్లో ఉంది. ఇద్దరూ కదలడం లేదు. వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఉంది. వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. చిటికెన వేలు రాలేదు. ఆ చిటికెన వేలు ఎంతకీ రాలేదు సార్.

చివరికి తోకనే మెల్లగా జారలాగి, పామును చేతిలోకి తీసుకుని తిరిగేసరికి సీనె నిలబడి ఉంది.

"ఏంటది? బోదిల్, ఏంటది?"

"ఏం చెయ్యదే తల్లీ, వెచ్చగా ఉందని చేరింది..."

"నోర్ముయ్! నిన్ను నమ్మి వదిలానే!"

పిల్లాణ్ణి లాక్కుంది. అప్పుడు లేచి ఏడ్చాడు. ఒంటి మీద గీత కూడా లేదని డాక్టరు చెప్పారు. ఇంట్లోకెళ్లి చూస్తే గాజు తలుపు రెండు వేళ్ల సందు తెరిచి ఉంది.

పెర్నీని ఓవె తీసుకెళ్లి చిన్న పెట్టెలో పెట్టాడు. హాయిగా చుట్టుకు పడుకుందట. గాజు ఇంట్లో దాని వెచ్చదనం కోసం పెట్టిన దీపం ఇంకా వెలుగుతోంది. ఆర్పడానికి చేతులు రావడం లేదు.

నా ముగ్గురు పిల్లలూ ఆ పెరట్లోనే, మంచు పడే రోజుల్లో కూడా నిద్రపోయారు. ఇవాళ ఎండ బాగా కాసింది. సీనె బండి బయట పెట్టలేదు.

మీరు రాసింది చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, అంతా నిజం. అక్షరాలు వంకరగా వచ్చినా సంతకం నాదే.

(సంతకం) బోదిల్ క్రాగెలుండ్