పెద్దత్త జీపులో గాలి

ఏమే, ఇసుకలో బండి దిగబడిందటగా? నవ్వనులే, కూర్చో. నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా నాకు మిగిలిన నాలుగు పళ్ళూ ఇక్కడే ఊడిపోవాలి. సరే, మూడే. మా పెద్దత్త, అంటే మా అత్తగారి తోడికోడలు, ఆసుపత్రి జీపు నడిపేది. నాలుగు చక్రాలూ లాగే జీపు, మన ఇల్లంత ఉండేది. అప్పుడు మన ఇల్లు ఇసుకలో చివరాఖరున. ఊళ్ళోకి రోడ్డు లేదు, ఒడ్డు వెంబడే నాలుగు మైళ్ళు పోవాలి. అదీ పోటు రాకముందే. పోటొస్తే దారి సముద్రానిదే. ఆవిడ గేరు మారిస్తే పీతలు కూడా పక్కకి జరిగి దారిచ్చేవి. నవ్వు, నవ్వు. నువ్వు చూశావా?

నేను కొండలవైపు నుంచి వచ్చిన కోడల్ని, కాపురానికొచ్చి వారం కాలేదు. అప్పటిదాకా చెంబులో నీళ్ళే గాని సముద్రం చూసినదాన్ని కాను. ఓ మధ్యాహ్నం అందరూ పడుకున్నారు. చూస్తే జీపు చక్రాలు నాలుగూ మెత్తగా, పొట్ట జారి ఉన్నాయి. అయ్యో పాపం, గాలి పోయినట్టుంది, పెద్దత్తకి సాయం చేద్దాం, మంచిపేరొస్తుంది అనుకున్నా. మీ తాత సైకిలు పంపు పట్టుకుని లక్షసార్లు కొట్టాను. పోనీ, పదివేలు. చేతులు బొబ్బలెక్కాయి. చక్రాలు మాత్రం రాయిలా అయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. వాళ్ళే చూసి మెచ్చుకుంటారని!

తెల్లారేసరికి మీ చిన్నతాత, నా మరిది, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. వాంతులు, జ్వరం. పెద్దత్త చెయ్యి వేసి చూసి, "పేగు వాచింది, పోటు రాకముందే ఊళ్ళో ఉండాలి, ఎక్కండి" అంది. మరిది, అత్తగారు, వాణ్ణి పట్టుకోవడానికి నేను. ఆ హడావిడిలో చక్రాల మొహం ఎవరు చూస్తారు? మైలు పోయామో లేదో, జీపు కూర్చుంది. ఆవిడ తొక్కినకొద్దీ ఇసుక తవ్వుకుంటూ పాతాళానికి పోతోంది. అటుపక్క సముద్రం ఏనుగుల మందలా వస్తోంది. మరిది "పెద్దమ్మా" అని ఒకటే కేక. మా అత్తగారు అందుకుంది: "కొత్తది ఏ వేళ అడుగుపెట్టిందో గాని, వారం తిరక్కుండా నా కొడుకు ప్రాణం మీదికొచ్చింది! వీడికేమన్నా అయితే దీన్ని మళ్ళీ పుట్టింటి కొండెక్కించి వస్తా!" నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పెద్దత్త దిగి చక్రాన్ని బొటనవేలితో నొక్కింది. తర్వాత నా అరచేతులు చూసింది. చూసి ఊరుకుందా? "నీ కొడుక్కేం కాదు, ఆ పిల్ల జోలికి పోకు. గట్టి చక్రాలు ఇసుకలో దిగబడతాయి, గాలి తియ్యడం నేనే మర్చిపోయాను. ముసలిదాన్నయ్యాను కదే!" అంది. అప్పటికి ఆవిడకి నలభై నిండలేదు! "కొత్తపిల్లా, నీ తలపిన్ను ఇలా పడెయ్." పిన్ను పెట్టి నొక్కితే నాలుగు చక్రాలూ పాములా బుసకొట్టాయి. పొట్టలు జారేదాకా వదిలి, చక్రాల ముందు ఇసుక చేతుల్తో తోడాం. "ఇసుకని తొక్కకూడదు, బతిమాలుకోవాలి" అంటూ బ్రేకు ముట్టకుండా, చిన్నగేరులో మెల్లగా కదిలించింది. జీపు లేచింది. వెనక చక్రాల్ని అల నాకింది, ఒట్టు. డాక్టరు, "ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అన్నాడు. ఇదొక్కటి మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

సాయంత్రం నా బొబ్బలకి మందు రాస్తూ, "ఈసారి సైకిలుకి కొట్టు" అంది. అంతే. పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి "మతిమరుపు డ్రైవరు" అని ఏడిపిస్తే, నవ్వి ఊరుకునేది. నేను కూడా నవ్వేదాన్నే, సిగ్గులేకుండా. ఈ కాపురం, మీ నాన్న, నువ్వు, అన్నీ ఆవిడ ఆడిన ఒక్క అబద్ధం చలవే. నిన్నటికి నిన్న మీ చిన్నతాత వచ్చి మళ్ళీ అదే పాట: "మా పెద్దమ్మ మతిమరుపుకి నేను చేపలకి మేత అయ్యేవాణ్ణి వదినా" అని.

...లే. లేచి చెప్పులేసుకో. చిన్నతాతింటికి వెళ్ళి, ఆ పంపు కొట్టింది మా నానమ్మ అని చెప్పు. చెప్పి కాస్త దూరంగా నిలబడు, చేతికర్ర విసురుతాడు. వచ్చేటప్పుడు పాలప్యాకెట్ తే.