నల్లగుడ్డు మీద తెల్లమచ్చ

సింగపూర్‌లోని క్లెమెంటి ప్రాంతంలో, తన అద్దెగదిలో చాందిని కర్టెన్లు మూసి, ఎడమకన్ను అరచేత్తో కప్పుకుని కూర్చుంది. ఆమెతో గది పంచుకునే ప్రణవి వచ్చి లైటు వేసింది.

“ఆపవే! వెలుతురు పడితే సూదులు గుచ్చినట్టుంది.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మూడు రోజులు. కళ్లకలకేలే, డ్రాప్స్ వేసుకుంటున్నా.”

“కళ్లకలకకి ఇంత నొప్పి ఉండదే. కాంటాక్ట్ లెన్సులు తీయకుండా పడుకున్నావా?”

“థీసిస్ పనిలో అలాగే నిద్రపోయా.”

“చెయ్యి తియ్... అయ్యో, నల్లగుడ్డు మీద తెల్లమచ్చే! కుడికన్ను మూసుకుని నన్ను చూడు.”

“అంతా పొగలా ఉంది. నీ మొహం కనపడట్లేదు.”

“లే, ఎమర్జెన్సీకి పోదాం.”

“రేపు థీసిస్ సబ్మిట్ చేసి వెళ్తానే.”

“రేపటిదాకా ఆ కన్ను ఆగదే!”

ఆస్పత్రిలో డాక్టరు చాలాసేపు పరీక్షించారు. ఇన్ఫెక్షన్ తగ్గుతుందన్నారు గానీ, చూపు సంగతి ఎత్తలేదు.

“మొదటిరోజే వచ్చుంటే?” అడిగింది చాందిని.

ఆయన మందు వేయడానికి ఆమె గడ్డం పైకెత్తారు.