నాలుగు వందల పేజీలు

రెండో తరగతి టీచరు పిల్లలు తెరమీద కథలు చదువుకునే ఈ-రీడర్ల పెట్టెను హెడ్మాస్టరు బల్లమీద దబ్బున పెట్టింది. ఆవిడకు ఒళ్ళు మండిపోతోంది.

“కోపమెందుకమ్మా? మీ పిల్లలు వారంలో తలా నాలుగు వందల పేజీలు చదివారని వీటినుంచే రిపోర్టొచ్చింది!”

“చదవలేదు సార్, తిప్పారు. ఎవరు ముందు అయిపోగొడతారా అని పందెం వేసుకుని టకటకా నొక్కారు.”

“మరి చివరి బెంచీ పిల్లో? వారానికి మూడే పేజీలు! వెనకబడింది, ఒకటో తరగతికి పంపమని ఆ రిపోర్టు చూసి పై ఆఫీసువాళ్ళన్నారు.”

“ఆ మూడూ వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది సార్. అందులో ఏముందో పూసగుచ్చినట్టు చెప్పింది కూడా.”

“రిపోర్టులో అలా లేదే!”

“అయితే ఆ నాలుగు వందల పేజీల వీరుల్లో ఒకణ్ణి పిలిచి, ఒక్క వాక్యం చదివించండి. పంపాలంటే మిగతా ముప్పైమందినీ పంపుకోండి. చదివే పిల్ల ఒక్కతే ఉంది, దాన్ని మాత్రం నాకొదిలెయ్యండి.”