వెంటనే వెతకండి

ఆదివారం మధ్యాహ్నం. ముందు గదిలో అక్క, తమ్ముడు. ఇద్దరి మధ్యా స్టూలు మీద చిన్న కంప్యూటర్. నాన్న లోపలి గదిలో ఉన్నాడు.

“రాలేదు.”

“స్పామ్‌లో చూడక్కా.”

“చూశాను. అక్కడా లేదు. ఎన్నిసార్లు చూడమంటావు?”

“ఒక్క నిమిషం. మళ్లీ పంపిస్తున్నా... ఇదిగో, పంపాననే చెప్తోంది. పచ్చ టిక్కు కూడా పెట్టింది.”

“దాని టిక్కు నాకెందుకురా? ఆఫీసులో ఫోన్ బయట పెట్టి వెళ్లాలి, ఎలారా అంటే, ఇంటి తలుపు తెరుచుకుంటే ఇందులోంచి కబురు నీ మెయిల్‌కి వస్తుంది, నిశ్చింతగా కూర్చో అన్నావు. నెలైంది. ఒక్కటంటే ఒక్కటి రాలేదు.”

“లోపల ఏదో మోగింది?”

“నాన్న ఫోన్. మనుషుల పేర్లు మర్చిపోతాడు గానీ, దాన్ని మాత్రం వదలడు. రోజంతా ఎవడో ఒకడు లోన్ ఇస్తానంటూ మోగిస్తూనే ఉంటాడు. నువ్వు మాట మార్చకు.”

“మార్చట్లేదు. రౌటర్ ఆపి మళ్లీ వేశాను. పాస్‌వర్డ్ కొత్తది పెట్టాను. నీ అడ్రస్ అక్షరం అక్షరం చూశాను. ఇంకేం చెయ్యను?”

“నన్నడుగుతావేంటి? కట్టింది నువ్వు.”

“నేను కాదక్కా, ఎవరో రాసిన ప్రోగ్రాం. దాన్ని కంటైనర్‌లో పెట్టి నడుపుతున్నా, అంతే.”

“అంటే?”

“డబ్బా అనుకో. ప్రోగ్రామూ, దానికి కావలసినవీ అన్నీ అందులోనే. ఇంట్లో మిగతా వాటితో దానికి సంబంధం ఉండదు.”

“నీలాగే.”

“అక్కా...”

“నిన్న నాన్న ఎక్కడ దొరికాడో తెలుసా? బస్టాండులో. వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూస్తున్నాడట. మన వీధి టైలర్ చూసి తీసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది.”

“నాకు చెప్పలేదేం?”

“చెప్తే ఏం చేస్తావు? ఇంకో డబ్బా పెడతావు. ఇది పెట్టకముందు ఒక్కసారే వెళ్లాడు. ఇప్పుడు నేనలా గుమ్మం దాటానో లేదో, వెనకాలే బయల్దేరుతున్నాడు. చెప్పులు కూడా దాచేశాను. డాక్టరేమో మతిమరుపు ముదిరిందంటాడు.”

“మరి...”

“తాళం కొన్నాను.”

“ఏం తాళం?”

“రేపట్నించి బయట తాళం వేసుకుని వెళ్తా.”

“నాన్నని లోపల పెట్టా?”

“గట్టిగా అరవకు, వింటాడు. మరి నువ్వుంటావా? చెప్పు, ఉంటావా?”

“నా ఉద్యోగం...”

“నాదీ ఉద్యోగమే.”

“ఇంకొక్కసారి చూడనీ అక్కా. ఒక్కసారి.”

“చూడు. నాకేమైనా సరదానా? చిన్నప్పుడు మనం పడుకున్నాక, లేచి లేచి తలుపు గడియ చూసుకునేవాడు. అలాంటి మనిషి మీద నేను తాళం...”

“ఏడవకక్కా. ఆగు... ఆగాగు.”

“ఏంటి?”

“సెట్టింగు మార్చినప్పుడల్లా దీన్ని ఆపి, మళ్లీ స్టార్ట్ చేస్తున్నా. అది చాలదు! పాత డబ్బానే లేస్తోంది, పాత సెట్టింగులతోనే. దాన్ని తీసిపారేసి కొత్తది కట్టాలి, అప్పుడే కొత్త సెట్టింగులు చదువుతుంది. ఛ, ఇంత చిన్నది...”

“అయితే నా అడ్రస్?”

“నేను మార్చాననుకున్నాను. అది చూడనే లేదు.”

“మరి ఈ నెల్లాళ్లూ పంపాను, పంపాను అంటోంది కదా. ఎవరికి పంపింది?”

“పనిచేస్తోందో లేదో చూద్దామని, మొదట్లో ఏదో ఒక అడ్రస్ పెట్టా.”

“ఎవరిది?”

“ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. ఫోన్ పట్టుకుని పక్కన కూర్చున్నది...”

“ఎవరిదిరా?”

“నాన్నది.”

“అందులో ఏమని రాశావు?”

“‘ఇంట్లోంచి మనిషి బయటికి వెళ్లారు. వెంటనే వెతకండి.’”

“అయ్యో... నేను ఆఫీసుకని తలుపు తీసినప్పుడల్లా...”

“ఇందాక మోగింది కూడా అదే. పొద్దున్నించీ నేనెన్ని పంపానో!”

“నాన్నా! బాత్రూం చెప్పులేసుకుని ఎక్కడికి?”

“నావి కనపళ్లేదమ్మా. అరె, నువ్విక్కడే ఉన్నావా తల్లీ! ఇదిగో చూడు, పొద్దున్నించీ ఒకటే మోత, వెంటనే వెతకమని. నిన్నా అంతే. ఇల్లంతా చూస్తే నువ్వు లేవు. బస్సులన్నీ వెతికాను. అరె, వీడూ ఇక్కడే ఉన్నాడే!”

“ఇద్దరం ఉన్నాం నాన్నా. ఎక్కడికీ వెళ్లలేదు. రా, కూర్చో.”

“మీరిద్దరూ ఇంట్లోనే ఉంటే, మరి తప్పిపోయిందెవర్రా?”